బీపీ లేనోడికి ఉప్పుతో ఏం పని? (సీరియస్‌గానే అడుగుతున్నా)

చిటికెడు_చాలదు
నాకు 36. పోయిన నెల చెకప్‌లో బీపీ 118/76. షుగర్ లేదు, కొలెస్ట్రాల్ లేదు, వారానికి నాలుగు రోజులు పరిగెడతా. ఇంట్లో గొడవల్లా ఒక్కటే, నాకు ఉప్పు ఎక్కువ కావాలి. ప్లేటు ముందుకి రాగానే రుచి కూడా చూడకుండా చెయ్యి ఉప్పు డబ్బా మీదకి వెళ్ళిపోద్ది, అది నాకు తెలీకుండానే జరిగిపోద్ది. నిన్న మా ఆవిడ డబ్బా దాచేసింది. బీపీ ఉన్నోళ్ళు కదా తగ్గించాల్సింది, నాకేంటి అన్నా. వచ్చాక తగ్గిస్తావా అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు, అందుకే ఇక్కడికొచ్చా. ఏ జబ్బూ లేనోడికి ఉప్పు వల్ల నిజంగా నష్టం ఉందా, లేక తినేవాటన్నిటికీ భయపెట్టే బాపతులో ఇది కూడా ఒకటా?

లాస్ట్_బెంచ్
ముందుగాల డబ్బా ఏడ దాచిందో అది దేవులాడు అన్నా.

వంటింటి_వకీలు
నా ఓటు వదినగారికి. రుచి చూడకుండా ఉప్పేసుకోవడం అంటే వండినవాళ్ళని అవమానించడమే, ఆరోగ్యం సంగతి తర్వాత.

అడ్డప్రశ్న
ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటా. కంగారేం లేదు. 2014లో ప్యూర్ స్టడీ అని వచ్చింది, లక్ష మందికి పైగా, బోలెడు దేశాలు. సోడియం రోజుకి 3 నుంచి 6 గ్రాములు తినేవాళ్ళకే రిస్క్ తక్కువ తేలింది, 3 కంటే తక్కువ తిన్నోళ్ళకి మళ్ళీ పెరిగింది. ఆ ముక్క ఎవరూ చెప్పరు.

రాత్రి_డ్యూటీ
డయాలసిస్ యూనిట్‌లో నర్సుని, పదకొండేళ్ళయింది. నాకు స్టడీలు అంతగా తెలీవు కానీ కిడ్నీ సంగతి చెప్తా. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి 180 లీటర్ల దాకా వడపోస్తాయి. ఆ నీళ్ళల్లో ఉండే ఉప్పుని లెక్కేస్తే కేజీన్నర. దాన్ని దాదాపు అంతా వెనక్కి లాక్కుని, మీరు తిన్నది ఎంతో లెక్కగా అంత మాత్రమే బయటికి వదుల్తాయి. రోజూ, జీవితాంతం. మీకు 118/76 ఉందంటే ఆ లెక్క ఇంకా తప్పట్లేదని అర్థం, అంతేగానీ ఉప్పు ఏమీ చెయ్యట్లేదని కాదు.

ఇంకో సంగతి. సెలైన్ బాటిల్ అందరూ చూసే ఉంటారు, అర లీటరుది. అందులో ఉప్పు 4.5 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలంటోంది. నేను బాటిల్ మార్చేటప్పుడల్లా అనుకుంటా, బయట జనం రోజుకి ఇలాంటివి రెండు పైన నమిలేస్తున్నారు కదా అని. ఒళ్ళు ఉప్పుని ఒట్టిగా ఉంచుకోలేదు, దానికి తగ్గ నీళ్ళు పట్టుకుంటుంది. ఉప్పగా గట్టిగా లాగించిన మర్నాడు ఉంగరం బిగుసుకోవడం, బరువు కేజీ ఎక్కువ చూపించడం అందుకే. అది కొవ్వు కాదు.

లెక్కల_పిచ్చి
@అడ్డప్రశ్న అన్నా ఆగు. ముందు ఒక గందరగోళం తీర్చాలి, లేకపోతే ఈ థ్రెడ్ అంతా కొట్టుకుంటాం. సోడియం వేరు ఉప్పు వేరు. ఉప్పులో సోడియం నూటికి 40 పాళ్ళు. సోడియం గ్రాముల్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది. కాబట్టి నువ్వు చెప్పిన 3 నుంచి 6 గ్రాముల సోడియం అంటే ఉప్పు 7.5 నుంచి 15 గ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే 5 గ్రాములు ఉప్పు లెక్క, అంటే సోడియం 2000 మిల్లీగ్రాములు. ప్రపంచ సగటు అంతకి రెండింతల పైన, సోడియమే 4310 మిల్లీగ్రాములు, అది కూడా వాళ్ళ లెక్కే.

ఇక ప్యూర్. అందులో కొలిచింది పొద్దున్న ఒక్కసారి ఇచ్చిన యూరిన్ శాంపిల్, దాన్నిబట్టి రోజంతా ఎంత తిన్నారో ఫార్ములాతో ఊహించారు. నిన్న రాత్రి ఏం తిన్నావో దాన్ని చూసి నీ జీవితమంతా చెప్పేసినట్టు. పైగా ఒంట్లో బాగోని వాళ్ళు ఎలాగూ తక్కువ తింటారు, తక్కువ తిన్నందుకు పోయారా, పోయేవాళ్ళు కాబట్టి తక్కువ తిన్నారా?

ప్యూర్ వచ్చిన న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే డాక్టర్ల పత్రికలోనే 2022లో ఇంకోటి వచ్చింది. 10,709 మంది, అందరూ మామూలుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే, అంటే మన ఓపీ (ఈ థ్రెడ్ మొదలెట్టినాయన) లాంటోళ్ళు. ఒక్కొక్కరిది 24 గంటల యూరిన్ కనీసం రెండుసార్లు పట్టారు. సోడియం 1000 మిల్లీగ్రాములు పెరిగిన ప్రతిసారీ గుండెజబ్బు, పక్షవాతం రిస్క్ 18 శాతం పెరిగింది. తక్కువ తిన్నోళ్ళలో రిస్క్ మళ్ళీ పైకి లేవడం కనపడలేదు, గీత తిన్నగా పోయింది.

అడ్డప్రశ్న
18 శాతం అని భయపెట్టడం బాగానే ఉంది. దేని మీద 18 శాతం? అది కూడా చెప్పు మరి.

లెక్కల_పిచ్చి
న్యాయమైన ప్రశ్నే. దాదాపు తొమ్మిదేళ్ళలో ఆ 10,709 మందిలో 571 మందికి ఏదో ఒకటి వచ్చింది. అంటే నూటికి అయిదుగురు చిల్లర. దాని మీద 18 శాతం అంటే నూటికి ఇంకొక్కడు అనుకో. నీకు నాకు విడిగా చూస్తే చిన్నదే, ఊరు మొత్తానికి చిన్నది కాదు. ఇది కూడా జనాన్ని గమనించి రాసిన స్టడీనే, ట్రయల్ కాదు, ఒప్పుకుంటా.

ట్రయల్ కావాలంటే 2001లో వచ్చిన డాష్ సోడియం ఉంది. 412 మంది, తిండంతా వాళ్ళే వండి పెట్టారు, ఉప్పు మాత్రం మూడు స్థాయిల్లో మార్చారు. మామూలు తిండి తినేవాళ్ళలో ఎక్కువ ఉప్పు నుంచి తక్కువకి దించితే పై నంబరు సగటున 6.7 తగ్గింది. హైబీపీ లేనివాళ్ళలో కూడా 5 పైన తగ్గింది. కాకపోతే ఆ లేనివాళ్ళు కూడా 120 దాటినోళ్ళే, ఓపీ 118లో ఉన్నాడు, కాబట్టి అతనికి అంత తగ్గకపోవచ్చు.

లాస్ట్_బెంచ్
నాకు ఇంటర్‌ల మ్యాథ్స్ పోయింది అన్నా, జర నెమ్మదిగా.

రాళ్ళ_రాజు
అందరూ బీపీ బీపీ అంటున్నారు, నా కథ వినండి. నా బీపీ 110/70, జీవితంలో 120 దాటలేదు. 29 ఏళ్ళకి అర్ధరాత్రి రెండింటికి నడుం పక్క నుంచి గజ్జల్లోకి నొప్పి, ఎలా పడుకున్నా కుదరదు, బాత్రూమ్ నేల మీద మోకాళ్ళ మీద కూచుని బకెట్ పట్టుకుని ఏడ్చా. 7 మిల్లీమీటర్ల రాయి. యూరాలజిస్ట్ అడిగిన మొదటి మూడు ప్రశ్నల్లో ఒకటి ఉప్పు ఎంత తింటావ్ అని. నేనేమో కాల్షియం వల్ల కదా రాళ్ళు, పాలు మానేస్తా అన్నా. ఆయన నవ్వి, పాలు మానకు, ఉప్పు మాను అన్నాడు. సోడియం కిడ్నీలోంచి బయటికి పోయేటప్పుడు కాల్షియాన్ని కూడా చెయ్యి పట్టుకుని లాక్కుపోతుందట. అది యూరిన్‌లో ఎక్కువై రాయి కడుతుంది, ఆ పోయే కాల్షియం ఎముకల నుంచి కూడా పోతుంది.

ఇంటికొచ్చి వెతికితే 2002లో ఇటలీలో చేసిన ట్రయల్ దొరికింది. మాటిమాటికీ రాళ్ళొచ్చే 120 మంది మగాళ్ళు, అయిదేళ్ళు. ఒక గుంపుకి కాల్షియం తగ్గించారు, ఇంకో గుంపుకి కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించారు. రెండో గుంపులో మళ్ళీ రాయి రావడం దాదాపు సగానికి తగ్గింది. నేను ఏ జబ్బూ లేనోణ్ణే, ఆ రాత్రి రెండింటి దాకా.

చిటికెడు_చాలదు
బకెట్ సీన్ చదివి భయమేసింది అన్నా.

పరుగు_పందెం
రన్నర్స్ తరఫున ఒక మాట. మాకు చెమటలో పోతుంది కదా? లీటరు చెమటలో గ్రాము అటూ ఇటూ సోడియం పోద్ది, కొందరికి టోపీ మీద తెల్లగా చారలు కూడా కడతాయి. నేను ఉప్పు తగ్గించి పరిగెడితే కళ్ళు తిరుగుతాయేమో.

రాత్రి_డ్యూటీ
మీరు మూడు నాలుగు గంటలు ఎండలో పరిగెత్తే రకమైతే వేరే లెక్క. ఓపీ ఎంతసేపు పరిగెడతాడు?

చిటికెడు_చాలదు
40 నిమిషాలు. మధ్యలో ఫోన్ వస్తే 25.

రాత్రి_డ్యూటీ
సరిపోయింది. ఆ పోయిన ఉప్పు ఒక్క పూట తిండిలో వెనక్కి వచ్చేస్తుంది, ప్రత్యేకంగా తినక్కర్లేదు. మారథాన్లలో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చేవాళ్ళు కూడా ఎక్కువగా ఉప్పు తినక కాదు, దాహం లేకపోయినా నీళ్ళు తెగ తాగడం వల్ల.

పింకీ_సాల్ట్
మేము రెండేళ్ళ నుంచి పింక్ సాల్టే. సో మాకు ఈ గొడవ లేదు 😊

లెక్కల_పిచ్చి
మీకూ ఉందండి. అది కూడా నూటికి 97, 98 పాళ్ళు సోడియం క్లోరైడే. మిగతా మినరల్స్ ఉన్నాయి కానీ వాటి కోసం తింటే ముందు ఉప్పుకే పోతాం. పలుకు పెద్దది కాబట్టి స్పూన్‌లో కాస్త తక్కువ పడుతుంది, అంతే తేడా. పైగా చాలావాటిల్లో అయోడిన్ కలపరు.

పింకీ_సాల్ట్
రంగు బాగుంటుందండీ. ఆ ఒక్క సంతోషం కూడా తీసెయ్యకండి.

నిద్ర_పక్షి
ఇక్కడ రాయాలా వద్దా అనుకున్నా కానీ రాళ్ళ రాజు గారు బకెట్ దాకా చెప్పారు కాబట్టి నాకేం సిగ్గు. నాకు 51, రాత్రిళ్ళు మూడుసార్లు లేచేవాణ్ణి. షుగర్ చూశారు లేదు, ప్రోస్టేట్ చూశారు బానే ఉంది. సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళు మానేశా, నోరెండిపోవడం తప్ప ఏం లాభం లేదు. చివరికి ఒక డాక్టరమ్మ రాత్రి ఏం తింటారు అనడిగింది. ప్యాకెట్ సూప్, చిప్స్, టీవీ ముందు. పగలు పట్టుకున్న ఉప్పూ నీళ్ళూ పడుకున్నాక దిగుతాయంది. జపాన్‌లో దీని మీద చూశారట, ఉప్పు రోజుకి 10.7 గ్రాముల నుంచి 8కి తగ్గించినవాళ్ళలో రాత్రి లేవడం 2.3 సార్ల నుంచి 1.4కి వచ్చిందట. నాకు ఇప్పుడు ఒక్కసారే. నెల పట్టింది.

అడ్డప్రశ్న
సాయంత్రం నీళ్ళు కూడా మానేశారు కదా, దేనివల్ల తగ్గిందో ఎలా చెప్తాం?

నిద్ర_పక్షి
నీళ్ళు మళ్ళీ మొదలెట్టాక తగ్గింది బాబూ. మీతో మా అబ్బాయితో వాదించినట్టే ఉంది.

వంటింటి_వకీలు
కడుపు క్యాన్సర్ అని కూడా అంటారు కదా ఉప్పుకి?

లెక్కల_పిచ్చి
ఉప్పులో ఊరబెట్టి నిల్వ చేసినవి బాగా తినేచోట ఎక్కువ కనపడింది. కడుపు లోపలి పొరని ఉప్పు పాడు చేస్తుంది, హెలికోబాక్టర్ అనే బ్యాక్టీరియా దానికి తోడైతే ఇంకా. ఓపీ వయసుకి మొదటి బెంగ ఇది కాదు కానీ లిస్టులో ఉంది.

ఓపీ అసలు ప్రశ్నకి నాకు బాగా నచ్చిన జవాబు వేరే ఉంది. ఉప్పు పెంచినా బీపీ పెరగని ఆరోగ్యవంతుల్ని తీసుకుని వారం రోజులు ఎక్కువ ఉప్పు పెట్టి, చేతి రక్తనాళం ఎంత బాగా సాగుతోందో అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. బీపీ అలాగే ఉంది, నాళం సాగడం మాత్రం తగ్గింది. అంటే మిషన్ మీద నంబరు కదలకముందే లోపల పని మొదలవుతుంది.

అడ్డప్రశ్న
ఒక వారం నాళం తక్కువ సాగితే ముప్పై ఏళ్ళ తర్వాత గుండె ఆగిపోతుందా? మధ్యలో చాలా మెట్లున్నాయి బాసూ.

లెక్కల_పిచ్చి
ఉన్నాయి. కాదనట్లేదు. అందుకే ముప్పై ఏళ్ళ సంగతి ఎలా చూశారో చెప్తా. 1988లో ఇంటర్‌సాల్ట్ అని 32 దేశాల్లో 52 చోట్ల పదివేల మంది యూరిన్ పట్టారు. ఉప్పు దాదాపు తినని అమెజాన్ అడవుల్లోని యానోమామి తెగ వాళ్ళలో వయసుతో పాటు బీపీ పెరగనే లేదు. మనమేమో వయసొస్తే బీపీ రావడం సహజం అనుకుంటాం, నెత్తి నెరిసినట్టు.

అడ్డప్రశ్న
వాళ్ళకి పొట్టలు లేవు, ఆఫీసులు లేవు, ఈఎంఐలు కూడా లేవు. అది ఉప్పు గొప్పతనమే అంటే నేనొప్పుకోను.

లాస్ట్_బెంచ్
ఈ ఒక్క పాయింట్‌ల అడ్డప్రశ్న అన్న కరెక్ట్. నా బీపీ ఈఎంఐ డేట్‌కే లేస్తది.
ఇంకో డౌటు, ఉప్పు తగ్గిస్తే రోషం తగ్గుతదా?

వంటింటి_వకీలు
నీకు ఉంటే కదా తగ్గడానికి.

తలనొప్పి_బాధితురాలు
ఎవరూ చెప్పనిది ఒకటి. నీళ్ళల్లో వేస్తే బుసబుసమని పొంగే మాత్రలు ఉంటాయి కదా. నేను తలనొప్పికి రోజుకి నాలుగు దాకా వేసుకునేదాన్ని. పొంగడం కోసం అందులో సోడియం బైకార్బొనేట్ వేస్తారు, పారాసిటమాల్‌వి అయితే ఒక్కో మాత్రలో సోడియం 400 మిల్లీగ్రాములు అటూ ఇటూ. నాలుగంటే 1600, తిండి మొదలుపెట్టకుండానే. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంది, మా చెల్లి చూసి చెప్పింది. మామూలు మాత్రకి మారిపోయా.

చిటికెడు_చాలదు
సరే, చదివింది చాలు అని 24 గంటల యూరిన్ టెస్ట్ చేయించుకున్నా. ఎలా ఉంటుందో తెలీనోళ్ళ కోసం చెప్తా. ల్యాబ్‌లో మూడు లీటర్ల ప్లాస్టిక్ క్యాన్ ఇస్తారు. పొద్దున్నే మొదటిది పారబోసి టైమ్ రాసుకోవాలి, అక్కణ్ణుంచి ప్రతిదీ క్యాన్‌లోనే, మర్నాడు అదే టైమ్‌కి మొదటిది కూడా అందులోనే. ఒక్కటి మర్చిపోయినా లెక్క పోద్ది. ఆదివారం పెట్టుకున్నా ఎందుకంటే ఆఫీసుకి క్యాన్ మోసుకెళ్ళే ధైర్యం లేదు. చల్లగా ఉంచమన్నారు, నల్ల కవర్‌లో చుట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టా, మా ఆవిడ ఆ రోజంతా ఫ్రిజ్ తలుపు మోచేత్తోనే తీసింది.

రిజల్ట్: సోడియం 212 మిల్లీమోల్స్. @లెక్కల_పిచ్చి దీన్ని ఉప్పులోకి మార్చి పెట్టవా.

లెక్కల_పిచ్చి
ఒక మిల్లీమోల్ సోడియం అంటే 23 మిల్లీగ్రాములు, కాబట్టి 212ని 23తో గుణిస్తే 4876 మిల్లీగ్రాములు. 2.5తో గుణిస్తే 12.2 గ్రాముల ఉప్పు. ఇది యూరిన్‌లో వచ్చింది మాత్రమే, చెమట అదీ కలిపితే తిన్నది ఇంకో పది శాతం ఎక్కువే ఉంటుంది.

రాత్రి_డ్యూటీ
నా సెలైన్ బాటిళ్ళు మూడు దగ్గరికి వెళ్ళారు మీరు.

చిటికెడు_చాలదు
నాకు నిజంగా షాక్. డబ్బా దాచాక కూడా ఇంత వచ్చింది. అంటే డబ్బా కాదు దొంగ. కూచుని లేబుళ్ళు చూశా. బ్రెడ్, చీజ్, సాస్, ఆఫీసులో చిప్స్ ప్యాకెట్. చిప్స్ మీద సోడియం తక్కువే కనపడింది, తర్వాత చూస్తే అది ప్యాకెట్‌లో మూడో వంతుకి రాసింది. మూడో వంతు తిని మడిచి పెట్టే మనిషిని నేనింతవరకు చూళ్ళేదు. బ్రెడ్ అయితే ఉప్పగా కూడా ఉండదు, రోజుకి నాలుగు ముక్కలు.

పరుగు_పందెం
పొటాషియం కలిపిన ఉప్పు వస్తుంది కదా, లో సోడియం అని. దానికి మారిపోతే రుచి ఉంటుంది, గొడవా ఉండదు.

రాత్రి_డ్యూటీ
మంచిదే, కానీ ఆగండి. చైనాలో 600 ఊళ్ళల్లో దాదాపు 21 వేల మంది మీద పెద్ద ట్రయల్ చేశారు, పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పుతో పక్షవాతం 14 శాతం తగ్గింది, 2021లో వచ్చింది, మా యూనిట్‌లో కూడా అందరూ మాట్లాడుకున్నారు. ఆ జనం అప్పటికే స్ట్రోక్ వచ్చినవాళ్ళు, లేదంటే 60 దాటి బీపీ ఉన్నవాళ్ళు. కానీ కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు, బీపీకి కొన్ని రకాల మందులు వాడేవాళ్ళు అడక్కుండా ఇది తింటే పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. అలా వచ్చినవాళ్ళకి అర్ధరాత్రి మెషీన్ పెట్టిన డ్యూటీలు నాకున్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ డాక్టర్ని అడిగి కొనండి. ఓపీకి ఒక్కడికే అయితే పర్లేదు, కానీ ఒకే వంట అందరూ తింటారు కదా.

నిద్ర_పక్షి
ఒకేసారి మానెయ్యకు బాబూ, చప్పిడి తిండి మూడు రోజులు తిని నాలుగో రోజు మళ్ళీ మొదలెడతావ్. నాకు నాలుక సర్దుకోవడానికి ఆరు వారాలు పట్టింది.

చిటికెడు_చాలదు
(రెండు నెలల తర్వాత) అప్‌డేట్. మళ్ళీ క్యాన్, మళ్ళీ నల్ల కవర్, ఈసారి మా ఆవిడ తన ఊరగాయ సీసాలు ముందే పైఅరకి మార్చేసింది. 148 మిల్లీమోల్స్. లెక్క ఈసారి నేనే చేశా, 8.5 గ్రాముల ఉప్పు. ఇంకా 5 పైనే, కానీ 12 కాదు. చేసింది పెద్దగా ఏం లేదు, బ్రెడ్ మార్చా, చిప్స్ మానేశా, సాస్ తగ్గించా, రుచి చూశాకే ఉప్పు అని రూల్ పెట్టుకున్నా.

బీపీ వారం రోజులు ఇంట్లో చూశా, అయిదు నిమిషాలు కూచుని, వీపు ఆనించి, మాట్లాడకుండా. సగటు 116/75.

అడ్డప్రశ్న
118 నుంచి 116. ఇది మిషన్ మూడ్‌ని బట్టి వచ్చే తేడా. నేను గెలిచినట్టే.

చిటికెడు_చాలదు
బీపీ సంగతిలో గెలిచావు అన్నా, ఒప్పుకున్నా. కానీ పోయిన వారం ఫ్రెండ్ ఇంట్లో పాత బ్రాండ్ చిప్స్ రెండు తిన్నా, మూడోది తినలేకపోయా, సముద్రంలో ముంచి తీసినట్టుంది. ఇన్నేళ్ళు ప్యాకెట్లు ప్యాకెట్లు ఎలా తిన్నానో అర్థం కావట్లేదు.

రాత్రి_డ్యూటీ
116 దగ్గర తగ్గడానికి పెద్దగా ఏం ఉండదు లెండి. ఇదే నంబరు మీకు 56 వచ్చాక కూడా ఉందా లేదా అన్నదే నేను చూసేది. అప్పుడు మళ్ళీ ఇక్కడ పోస్ట్ పెట్టండి.

రాళ్ళ_రాజు
నీళ్ళు కూడా తాగు తమ్ముడూ. నా బకెట్ మర్చిపోకు.

లాస్ట్_బెంచ్
ఇంతకీ ఉప్పు డబ్బా దొరికిందా అన్నా?

చిటికెడు_చాలదు
లేదు. ఎక్కడ పెట్టిందో తనకీ గుర్తు లేదంట. నిన్నట్నుంచి ఇద్దరం కలిసి వెతుకుతున్నాం.